‘కార్నర్‌షాప్’ రాక్ బృందం: పేరు, మాతృభాష, సినిమాపాట – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

బ్రిటన్‌లోని లెస్టర్ నగరంలో 1991లో ఇద్దరు పంజాబీ సోదరులు, వారి మిత్రులు కలిసి ‘కార్నర్‌షాప్’ అనే ఆల్టర్నేటివ్ రాక్ బృందాన్ని స్థాపించారు. దక్షిణాసియా వలసకుటుంబాలను తక్కువ చేసి చూపడానికి వాడే మాటనే తమ పేరుగా పెట్టుకోవడం ఈ బృందం ప్రత్యేకత. 1998లో ‘బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశ’ పాట బ్రిటన్ విక్రయాల పట్టికలో ప్రథమస్థానం పొందడంతో దీనికి ప్రపంచఖ్యాతి లభించింది. ఆ ఒక్క పాటతోనే బృందాన్ని గుర్తుంచుకోవడం పరిపాటి అయింది. మూడు దశాబ్దాల ప్రస్థానాన్ని కాలక్రమంలో పరిశీలిస్తే, ఇంటిభాషనూ సినిమాపాట జ్ఞాపకాన్నీ రాక్ సంగీతానికి సహజమైన ముడిసరుకుగా మార్చడమే ఈ బృందం అసలు కృషి అని తెలుస్తుంది. ఆ కృషిని వివరించడం, తెలుగు స్వతంత్ర సంగీతబృందాల అధ్యయనానికి దాని ప్రాసంగికతను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆల్టర్నేటివ్ రాక్, ప్రవాసం, అస్తిత్వం, మాతృభాష, నేపథ్యగానం, స్వతంత్ర సంగీతం, కార్నర్‌షాప్.

1. ఉపోద్ఘాతం:

రాక్ సంగీతచరిత్రలో అన్నదమ్ములు కలిసి నడిపిన బృందాలు చాలా కనిపిస్తాయి. ఒయాసిస్‌లో గాలగర్ సోదరులు, రేడియోహెడ్‌లో గ్రీన్‌వుడ్ సోదరులు, జీసస్ అండ్ మేరీ చైన్‌లో రీడ్ సోదరులు ఇందుకు ఉదాహరణలు. ఒకే ఇంట్లో పెరిగినవారికి ఉమ్మడి జ్ఞాపకాలు, ఉమ్మడి అభిరుచులు ఉంటాయి. వారికి బయటి మిత్రులు తోడైనప్పుడు బృందం ఏర్పడుతుంది. ఈ నిర్మాణంలో ఇల్లు ఒక వైపు, కళాశాల లేదా వీధి మరొక వైపు నిలుస్తాయి.

పైన పేర్కొన్న బృందాలకు ఇంట్లోనూ బయటా ఉన్నది ఒకే భాష. వలస వచ్చిన కుటుంబంలో స్థితి వేరు. అక్కడ ఇంటి గడప దాటితే భాష మారుతుంది, వినే పాట మారుతుంది, మనిషిని పిలిచే పిలుపు కూడా మారుతుంది. అటువంటి ఇంటినుంచి వచ్చిన సోదరులు మిత్రులతో కలిసి రాక్ బృందాన్ని స్థాపించినప్పుడు, గడపకు ఇవతలి సంపదను అవతలికి ఎలా తీసుకువెళ్లాలన్న ప్రశ్న ఎదురవుతుంది. దాన్ని దాచిపెట్టవచ్చు, లేదా అలంకారంగా ప్రదర్శించవచ్చు. ‘కార్నర్‌షాప్’ ఈ రెంటినీ కాదని మూడోదారి పట్టింది. ఆ దారిని అర్థం చేసుకోవడానికి ముందు ఆ సోదరులు పుట్టి పెరిగిన సామాజిక వాతావరణాన్ని పరిశీలించాలి.

2. చారిత్రక నేపథ్యం – వుల్వర్‌హాంప్టన్, లెస్టర్:

1948 నాటి బ్రిటిష్ పౌరసత్వ చట్టం పూర్వ వలసదేశాల ప్రజలకు బ్రిటన్‌లో స్థిరపడే అవకాశం కల్పించింది. యుద్ధానంతర పునర్నిర్మాణానికి కార్మికుల అవసరం ఏర్పడింది. పంజాబునుంచి వెళ్లినవారిలో అనేకులు మధ్య ఇంగ్లండ్‌లోని ఇనుప పోతకర్మాగారాల్లో పనికి కుదిరారు. వుల్వర్‌హాంప్టన్ అటువంటి పారిశ్రామిక పట్టణం. 1962లో వచ్చిన చట్టం వలసలపై తొలిసారిగా పరిమితులు విధించింది.

1967 నుంచి 1969 వరకు వుల్వర్‌హాంప్టన్ పురపాలక బస్సుసంస్థలో సిక్కు ఉద్యోగులు తలపాగా, గడ్డం ఉంచుకునే హక్కు కోసం ఆందోళన సాగించి చివరకు సాధించుకున్నారు. ఆ పట్టణపు నైరుతి నియోజకవర్గానికి ప్రాతినిధ్యం వహించిన పార్లమెంటు సభ్యుడు ఇనాక్ పావెల్ 1968 ఏప్రిల్ 20న బర్మింగ్‌హామ్‌లో వలసలకు వ్యతిరేకంగా చేసిన ప్రసంగం బ్రిటన్ రాజకీయాల్లో పెను వివాదం రేపింది. కార్నర్‌షాప్ రూపకర్త తజిందర్ సింగ్ అదే 1968లో, అదే వుల్వర్‌హాంప్టన్‌లో జన్మించాడు.

బృందం పుట్టిన లెస్టర్ నగరానికి కూడా వలసచరిత్రలో ప్రత్యేకస్థానం ఉంది. 1972లో ఇదీ అమీన్ ప్రభుత్వం ఉగాండానుంచి ఆసియా సంతతివారిని వెళ్లగొట్టింది. వారిలో సుమారు 28 వేలమంది బ్రిటన్ చేరారు. తమ నగరానికి రావద్దని లెస్టర్ నగరపాలక సంస్థ ఉగాండా పత్రికలో ప్రకటన ఇచ్చింది. అయినా వేలాదిమంది అక్కడికే వచ్చి స్థిరపడ్డారు. వద్దన్న ఊరే కాలక్రమంలో బ్రిటన్‌లోని ప్రధాన భారతీయ కేంద్రాల్లో ఒకటిగా ఎదిగింది.

ఈ కుటుంబాల్లో కొన్ని వీధి మలుపుల్లోని చిల్లర దుకాణాలను కొనుగోలు చేశాయి. ఇంగ్లీషువారు వీటినే ‘కార్నర్‌షాప్’ అంటారు. మన కిరాణా కొట్టుకు దగ్గరి రూపం. చదువుకు తగిన ఉద్యోగం దొరకడం కష్టమైనచోట సొంత దుకాణం బతుకుతెరువు అయింది. ఇంటిల్లిపాదీ పనిచేయడం, పొద్దున్నే తెరిచి రాత్రి పొద్దుపోయేదాకా మూయకపోవడం వల్ల ఆ వ్యాపారం నిలదొక్కుకుంది. కష్టార్జితానికి ప్రతీక కావలసిన ఆ దుకాణం హాస్యప్రసంగాల్లో, టెలివిజన్ నాటికల్లో ఎగతాళి వస్తువైంది. ఆసియా సంతతి మనిషి అంటే కొట్టు వెనుక నిలబడేవాడు అన్న మూసచిత్రం స్థిరపడింది.

3. బృంద ఆవిర్భావం – ఇల్లు, కళాశాల:

తజిందర్ సింగ్ ఉన్నతవిద్య కోసం ప్రెస్టన్‌లోని లాంకషైర్ పాలిటెక్నిక్‌లో చేరాడు. 1987లో అక్కడే బెన్ ఎయర్స్‌తో పరిచయమైంది. ఎయర్స్ కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో పుట్టినవాడు. ప్రెస్టన్ విద్యార్థిజీవితంలో ‘జనరల్ హావక్’ అనే బృందం రూపుదిద్దుకుంది. దానిపేరిట 1991లో ‘ఫాస్ట్ జస్పాల్’ అనే చిన్న రికార్డు వెలువడింది. ఇంగ్లీషు విశేషణం పక్కన పంజాబీ పేరు నిలిచిన ఆ శీర్షికలోనే రాబోయే దారి సూచనప్రాయంగా కనిపిస్తుంది.

అదే ఏడాది లెస్టర్‌లో ‘కార్నర్‌షాప్’ ఏర్పడింది. తజిందర్ గానం, గిటారు, గీతరచన బాధ్యతలు తీసుకున్నాడు. అతని సోదరుడు అవతార్ సింగ్ బేస్ గిటారు, బెన్ ఎయర్స్ గిటారు, డేవిడ్ ఛాంబర్స్ డ్రమ్ములు వాయించారు. ఎయర్స్ తర్వాతికాలంలో తంబూరా కూడా చేపట్టాడు. భారతీయ వాద్యం భారతీయుడి చేతిలోనే ఉండాలన్న ఊహకు ఈ బృందంలో చోటులేదు. గొంతు, మాట ఇంటినుంచి వచ్చాయి. తంబూరా శ్రుతి మిత్రుడి చేతిలో పలికింది. సోదరులు, మిత్రులు కలిసిన నిర్మాణం ఇక్కడ సంగీత నిర్మాణంగానూ మారింది.

పేరు విషయం ప్రత్యేకంగా పరిశీలించదగినది. ఎదుటివాడు విసిరిన మాటను ఏరుకుని సొంత దుకాణానికి బోర్డుగా తగిలించినట్టు వీరు ఆ పేరు పెట్టుకున్నారు. ఒకరు అన్నప్పుడు ఎగతాళి అయిన మాట, తామే ప్రకటించుకున్నప్పుడు గుర్తింపు అవుతుంది. ఇకపై ఆ మాట పలికినవారెవరైనా ఈ బృందం పేరునే పలుకుతారు. దళిత, స్త్రీవాద సాహిత్యాలను చదివిన తెలుగు పాఠకులకు ఈ వ్యూహం కొత్తది కాదు. అవమానసూచకమైన పదాన్ని తిరిగి స్వాధీనం చేసుకోవడం అస్తిత్వ ఉద్యమాలన్నింటిలో కనిపించే తొలి చర్య.

4. తొలిదశ – నిరసన స్వరం (1992–1994):

1990ల ఆరంభంలో బ్రిటన్‌లోని ఆసియా యువత సంగీతం పలుపాయలుగా సాగుతోంది. 1977లో సౌతాల్‌లో మొదలైన ‘అలాప్’ వంటి బృందాలు పెళ్లిపందిళ్లనుంచి భాంగ్రాను వేదికలమీదికి తెచ్చాయి. 1982లో షీలా చంద్ర గాయనిగా ‘మాన్‌సూన్’ బృందం పాట విక్రయాల పట్టికలోకి ఎక్కింది. ‘ఫన్-డ-మెంటల్’ వంటి బృందాలు హిప్‌హాప్‌ను రాజకీయ ఆయుధంగా తీసుకున్నాయి. గిటారు ప్రధానమైన స్వతంత్ర రాక్ రంగంలో మాత్రం దాదాపు అందరూ తెల్లజాతి యువకులే. కార్నర్‌షాప్ అడుగుపెట్టింది ఈ రంగంలోకే.

ఆ రంగానికి ఆరాధ్యుడు గాయకుడు మొరిస్సీ. అతని కొన్ని పాటల శీర్షికలు, సాహిత్యం, 1992 ఆగస్టులో లండన్ ఫిన్స్‌బరీ పార్క్ కచేరీలో అతడు బ్రిటిష్ జెండాను ప్రదర్శించిన తీరు పత్రికల్లో తీవ్రచర్చకు దారితీశాయి. జాతివివక్షకు గురైనవారు ఆ జెండాను వీధుల్లో వేరే చేతుల్లో చూసినవారు. ఆ సందర్భంలో కార్నర్‌షాప్ సభ్యులు ఈఎంఐ సంస్థ కార్యాలయం ముందు మొరిస్సీ చిత్రపటాన్ని తగులబెట్టారు. ఒక్క రికార్డయినా సరిగా వెలువడకముందే బృందం పేరు పత్రికలకెక్కింది.

ఈ ఘటనలో మరొక పొర ఉంది. ఈఎంఐ అనుబంధసంస్థ అయిన గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా ‘హెచ్ఎంవీ’ ముద్రతో భారతీయ సినిమాపాటల రికార్డులను దశాబ్దాలపాటు విక్రయించింది. గ్రామఫోను బూర ముందు కూర్చున్న కుక్కబొమ్మ తెలుగు ఇళ్లకూ సుపరిచితమే. అంటే బ్రిటన్‌లోని పంజాబీ ఇంట్లో అమ్మానాన్నలు విన్న పాటలకూ, కొడుకులు ధిక్కరించిన గాయకుడి పాటలకూ వ్యాపారపరంగా మూలం ఒక్కటే. ఐదేళ్ల తర్వాత ఈ బృందం రాసిన ప్రసిద్ధగీతం ఆ పాత రికార్డుల గురించే కావడం గమనార్హం.

1993లో విజా సంస్థ ద్వారా ‘ఇన్ ద డేస్ ఆఫ్ ఫోర్డ్ కార్టినా’ అనే తొలి రికార్డు వెలువడింది. కూరరంగు వినైల్ పళ్లెంపై దాన్ని ముద్రించారు. దక్షిణాసియావాసుల వంటవాసనపై వేసే వెకిలి హాస్యానికి అది సమాధానం. 1994లో వచ్చిన తొలి ఆల్బమ్ ‘హోల్డ్ ఆన్ ఇట్ హర్ట్స్’ ముతకగిటారు మోతతో, పంక్ ధోరణిలో సాగింది. వాయించడంలో నేర్పు తక్కువన్న విమర్శ తొలినాళ్లలో వినిపించింది. ఈ దశలో బృందం ప్రధానంగా ‘కాదు’ అని చెప్పింది. ఏది ‘అవును’ అన్న ప్రశ్నకు సమాధానం తర్వాతి దశలో లభించింది.

5. మాతృభాష ప్రవేశం (1995–1997):

1995 నాటి రెండో ఆల్బమ్ ‘వుమన్స్ గాటా హావ్ ఇట్’ మలుపు. అందులోని మొదటి పాట ‘సిక్స్ ఏయం జుల్లందర్ షేర్’ పంజాబీలో సాగుతుంది. జలంధర్ పేరు శీర్షికలోనే ఉంది. పాట మొత్తం ఒకే స్వరస్థానాన్ని ఆధారం చేసుకుని, చిన్న పదబంధాల పునరావృత్తితో ముందుకు నడుస్తుంది. అదే పాట మరొక రూపంలో ఆల్బమ్ చివర వినిపిస్తుంది. ఉదయం ఆరుకు మొదలైన పాట శీర్షికలో ఏడుగంటల ఇరవై నిమిషాలకు చేరుతుంది.

ఈ నిర్మాణంలో రెండు సంప్రదాయాలు కలుస్తాయి. భారతీయ సంగీతంలో ఆధారశ్రుతి నిరంతరంగా మోగుతూ ఉండగా దానిపై పాట అల్లుకుంటుంది. అమెరికాలో 1960లలో ‘వెల్వెట్ అండర్‌గ్రౌండ్’ వంటి బృందాలు కూడా ఒకే నాదాన్ని సాగదీసి రాక్ పాటలు కట్టాయి. కార్నర్‌షాప్ ఈ రెంటి మధ్య ఉన్న సామ్యాన్ని పట్టుకుంది. అందువల్ల పంజాబీ పదం రాక్ పాటలో అతుకుగా వినిపించదు. తంబూరా, సితారలు పరిమళద్రవ్యంలా పైపైన చల్లినవి కావు. పాటకు పునాదిలో ఉన్నవి.

ఇదే కాలంలో బృందం స్వరూపం మారింది. డ్రమ్ములు వాయించే ఛాంబర్స్ స్థానంలో నిక్ సిమ్స్ వచ్చాడు. అవతార్ సింగ్ కూడా 1990ల నడుమ బృందాన్ని విడిచిపెట్టాడు. ‘అన్నదమ్ముల బృందం’ అన్న గుర్తింపు అంతటితో ముగిసింది. సోదరుడు వెళ్లిపోయినా ఇంటిభాష వెళ్లిపోలేదు. పైగా అప్పటినుంచే పాటల్లో మరింత ధారాళంగా వినిపించింది. రక్తబంధం ద్వారా వచ్చినది అప్పటికే సంగీతలక్షణంగా స్థిరపడింది. అమెరికాలో డేవిడ్ బర్న్ నెలకొల్పిన లువాకా బాప్ సంస్థ వీరి ఆల్బములను విడుదల చేయడంతో శ్రోతల పరిధి విస్తరించింది.

1997 సెప్టెంబరులో మూడో ఆల్బమ్ ‘వెన్ ఐ వాజ్ బార్న్ ఫర్ ద సెవెంత్ టైమ్’ వచ్చింది. శీర్షికలోనే పునర్జన్మల ఊహ ఉంది. అమెరికన్ కవి అలెన్ గిన్స్‌బర్గ్ గొంతు, పౌలా ఫ్రేజర్‌తో కలిసి పాడిన గ్రామీణ అమెరికన్ బాణీ, హిప్‌హాప్ లయలు, పంజాబీ గానం ఒకే సంపుటిలో చోటుచేసుకున్నాయి.

ఆ సంపుటిలోని చివరిపాటను ఈ సందర్భంలో ప్రత్యేకంగా ప్రస్తావించాలి. బీటిల్స్ బృందం 1965లో ‘నార్వీజియన్ వుడ్’ పాటలో జార్జ్ హారిసన్ చేత సితార వాయింపజేసింది. పాశ్చాత్య రాక్‌లో భారతీయ వాద్యాల వాడకానికి దారితీసిన పాటగా దానికి పేరుంది. కార్నర్‌షాప్ ఆ పాటను పంజాబీలోకి మార్చి పాడింది. ఒకప్పుడు ఇంగ్లీషు పాట భారతదేశంనుంచి వాద్యాన్ని తీసుకుంది. ఇప్పుడు భారతీయ భాష ఆ పాటనే తనలోకి తీసుకుంది. ఇచ్చిపుచ్చుకోవడంలో ఇన్నాళ్లూ ఒకవైపే ఉన్న లెక్కను ఈ పాట సరిచేసింది.

6. ‘బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశ’ – నేపథ్యగానానికి నివాళి:

ఈ ఆల్బమ్‌లోని ‘బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశ’ బృందానికి శాశ్వత గుర్తింపు తెచ్చిన పాట. శీర్షికలోని శ్లేష తెలుగువారికి వెంటనే బోధపడుతుంది. ‘ఆశ’ అంటే మనకూ ఆశే. గాయని ఆశా భోంస్లే పేరూ అదే. పాశ్చాత్య శ్రోతల్లో అధికులకు ఇది కేవలం అపరిచితమైన పేరు. శ్లేష అర్థమైనవారికి ఒక పాట, కానివారికి మరొక పాట అన్నట్టుగా ఈ రచన సాగుతుంది.

పాట వస్తువు నేపథ్యగాన వ్యవస్థ. తెరపై నటి పెదవులు కదుపుతుంది. గొంతు తెరవెనుకనుంచి వస్తుంది. కోట్లమందికి ఓదార్పునిచ్చిన ఆ గొంతు తెరపై కనిపించదు. ఆశా భోంస్లేతోపాటు లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ పేర్లు పాటలో వస్తాయి. నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డు ఇందులో పదేపదే కనిపించే ప్రతీక. రేడియోలు, రికార్డు సంస్థలు, ఫ్రెంచి గాయకులు కూడా అదే జాబితాలో చేరతారు. ఇంట్లో విన్నవీ బయట విన్నవీ ఒకే అరలో సర్దిన రికార్డుల్లా పక్కపక్కన నిలుస్తాయి.

ఆ మూడు పేర్లూ తెలుగు శ్రోతలకు పరాయివి కావు. లత 1955 నాటి ‘సంతానం’ చిత్రంలో తెలుగులో పాడింది. రఫీ ‘భలే తమ్ముడు’ (1969), ‘ఆరాధన’ (1976) చిత్రాల్లో ఎన్టీ రామారావుకు గొంతు అరువిచ్చాడు. ఆశా భోంస్లే 2007లో ‘చందమామ’ చిత్రానికి పాడింది. కాబట్టి వుల్వర్‌హాంప్టన్‌లోని పంజాబీ ఇంటి జ్ఞాపకం తెలుగు ఇంటి జ్ఞాపకానికి అంత దూరంలో లేదు. సినిమాపాట భారతీయ ప్రవాసులందరికీ ఉమ్మడి వారసత్వం అన్న సత్యాన్ని ఈ పాట రాక్ సంగీతంలో నమోదు చేసింది.

పాట విజయచరిత్ర కూడా బోధప్రదమైనది. 1997 ఆగస్టులో విడుదలైనప్పుడు అది బ్రిటన్ విక్రయాల పట్టికలో 60వ స్థానం దగ్గర ఆగిపోయింది. బీబీసీ ప్రయోక్త జాన్ పీల్ శ్రోతలు మాత్రం ఆ ఏటి ఉత్తమగీతాల వార్షిక జాబితాలో దానికి అగ్రస్థానం ఇచ్చారు. తర్వాత ఫ్యాట్‌బాయ్ స్లిమ్‌గా ప్రసిద్ధుడైన నార్మన్ కుక్ దాని వేగాన్ని, శ్రుతిని పెంచి నృత్యశాలలకు తగినట్టు మలిచాడు. 1998 ఫిబ్రవరిలో ఆ రూపం ప్రథమస్థానం చేరింది.

రెండు రూపాల్లోనూ కీర్తించబడినవారు ఆ గాయనీగాయకులే. మొదటిది తీరిగ్గా కూర్చుని పాత రికార్డు వింటున్నట్టు ఉంటుంది, రెండోది కూర్చోనివ్వదు. స్మరణగీతంగా ఉన్నప్పుడు 60 దగ్గర ఆగిన పాట నృత్యగీతమయ్యాక ఒకటికి చేరింది. విక్రయసంఖ్య పెరగడం, పాట అర్థం కావడం వేర్వేరు విషయాలని దీనివల్ల స్పష్టమవుతోంది. అయినప్పటికీ, పావెల్ ప్రసంగించిన 30 ఏళ్లకు అదే పట్టణపు వలసకుటుంబంలో పుట్టినవాడి గొంతు, ఒక భారతీయ గాయని పేరును దేశమంతటి నోట పలికించింది. దీని చారిత్రక ప్రాధాన్యాన్ని తక్కువచేయడానికి వీల్లేదు.

7. విజయానంతర ప్రస్థానం (1998–2020):

1990ల చివర బ్రిటన్‌లో ఆసియా సంస్కృతి ఒక ఆకర్షణగా మారింది. 1998లో ‘గుడ్‌నెస్ గ్రేషియస్ మీ’ హాస్యధారావాహిక బీబీసీ టెలివిజన్‌లో మొదలైంది. 1999లో తల్విన్ సింగ్ ఆల్బమ్ ‘ఓకే’కు మెర్క్యురీ బహుమతి లభించింది. ఈ ఊపులో విజయగీతాన్ని అనుకరిస్తూ మరికొన్ని పాటలు విడుదల చేయడం వ్యాపారపరంగా సులువైన పని. తజిందర్, ఎయర్స్ అలా చేయలేదు. 1999లో ‘క్లింటన్’ అనే వేరే పేరుతో మరొక ఆల్బమ్ వెలువరించారు. కార్నర్‌షాప్ నాలుగో ఆల్బమ్ ‘హ్యాండ్‌క్రీమ్ ఫర్ ఎ జనరేషన్’ రావడానికి 2002 వరకు సమయం పట్టింది. అందులోని సుదీర్ఘగీతం ‘స్పెక్ట్రల్ మార్నింగ్స్’లో ఒయాసిస్‌కు చెందిన నోయెల్ గాలగర్ గిటారు వాయించాడు.

ఆ తర్వాతి ఆల్బమ్‌కు మరో ఏడేళ్లు పట్టింది. 2009లో ‘జూడీ సక్స్ ఎ లెమన్ ఫర్ బ్రేక్‌ఫాస్ట్’ వారి సొంతసంస్థ ‘ఆంపుల్ ప్లే’ ద్వారా వచ్చింది. పెద్ద సంస్థల వేళాపాళాలనుంచి విముక్తి పొంది, తమ కొట్టును తామే నడుపుకునే స్థితికి బృందం చేరింది. పేరుకు తగిన పరిణామం ఇది.

2011 నాటి ‘కార్నర్‌షాప్ అండ్ ద డబుల్-ఓ గ్రూవ్ ఆఫ్’ ఆల్బమ్‌లో తజిందర్ గానబాధ్యతను బబ్లీ కౌర్ అనే గాయనికి అప్పగించాడు. 2004లో ‘టాప్‌నాట్’ పాటతో ఆమె గొంతు తొలిసారి శ్రోతలకు పరిచయమైంది. ఆల్బమ్ అంతటా పంజాబీ జానపదశైలి గానం, నేటి లయలు కలిసి నడుస్తాయి. నేపథ్యగాయనిని కీర్తించిన పాటతో పేరు పొందినవాడు, తాను వెనక్కి తగ్గి ఒక గాయనిని ముందు నిలపడం ఆ పాట ఆశయానికి ఆచరణరూపం. విజయగీతాన్ని మాత్రమే చూసే చరిత్రరచన ఈ కొనసాగింపును గుర్తించలేదు.

2020 మార్చిలో ‘ఇంగ్లండ్ ఈజ్ ఎ గార్డెన్’ వెలువడింది. జాత్యహంకారులు వాడే తిట్టుపదం అందులోని ఒక పాట శీర్షికలో ఉంది. బృందానికి పేరు పెట్టుకున్నప్పటి పద్ధతి మూడు దశాబ్దాల తర్వాత కూడా అవసరమైందంటే, మూసచిత్రాలు పూర్తిగా చెరిగిపోలేదని అర్థం. నిరసనలో మొదటినాటి మోత మాత్రం లేదు. వేణువు, గిటారు, చప్పట్ల లయతో పాట ఉల్లాసంగా సాగుతుంది. కోపం పోలేదు, అది పాడే తీరు మారింది.

8. తెలుగు సందర్భం:

కొట్టు వెనుక నిలబడిన భారతీయుడి మూసచిత్రం అమెరికాలోనూ ఉంది. 1990లో ‘ద సింప్సన్స్’ కార్టూన్ ధారావాహికలో ‘అపు’ అనే దుకాణదారు పాత్ర ప్రవేశించింది. తెల్లజాతి నటుడు హ్యాంక్ అజారియా ఆ పాత్రకు గొంతునిచ్చాడు. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన హాస్యప్రదర్శకుడు హరి కొండబోలు 2017లో ‘ద ప్రాబ్లమ్ విత్ అపు’ డాక్యుమెంటరీ ద్వారా ఆ పాత్రను విమర్శించాడు. ఇకపై ఆ పాత్రకు గొంతునివ్వబోనని 2020 జనవరిలో అజారియా ప్రకటించాడు.

హరి సోదరుడు అశోక్ కొండబోలు 2008 నుంచి 2012 వరకు ‘దాస్ రేసిస్ట్’ హిప్‌హాప్ బృందంలో ఉన్నాడు. పాఠశాల మిత్రుడు హిమాంశు సూరి, సూరికి విశ్వవిద్యాలయ మిత్రుడైన విక్టర్ వాస్క్వెజ్ ఇతర సభ్యులు. జాతివివక్షను ఎత్తిచూపే మాటనే హాస్యంగా మలిచి పెట్టుకున్న పేరు అది. అట్లాంటిక్‌కు అటూ ఇటూ ఒకే పద్ధతి పనిచేసింది. బ్రిటన్‌లో కొట్టుపేరు బృందానికి పేరైంది. అమెరికాలో కొట్టుపాత్రను తెలుగు ఇంటి బిడ్డ ప్రశ్నించాడు.

తెలుగునేలపై సమస్య స్వరూపం వేరు. ఇక్కడ యువబృందాలు ఎదుర్కొనేది జాతివివక్షను కాదు, సినిమాపాట సర్వవ్యాప్తిని. ఆకాశవాణి లలితగీతాలు ఒకప్పుడు సినిమాకు వెలుపల పాటకు చోటు కల్పించాయి. ఆ చోటు కుదించుకుపోయాక, ‘పాట’ అంటే సినిమాపాట అన్నదే సాధారణ భావనగా మారింది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన ‘చౌరస్తా’ బృందం ‘ఊరెళ్ళిపోతా మామ’ వంటి పాటలతో, 2020లో కరోనా జాగ్రత్తలపై చేసిన పాటతో సినిమాకు వెలుపల విశేషాదరణ పొందింది. ఆ బృందంలో పాడిన రామ్ మిరియాల తర్వాత ‘జాతిరత్నాలు’ (2021), ‘డీజే టిల్లు’ (2022) చిత్రాల పాటలతో సినీరంగంలో స్థిరపడ్డాడు. స్వతంత్రబృందం సినిమాకు ముంగిలిగా మారే ఈ తీరు తెలుగు సంగీతచరిత్రలో ప్రత్యేక అధ్యయనానికి అర్హమైనది.

ప్రెస్టన్ పాలిటెక్నిక్ వంటి విద్యాప్రాంగణాలు మనకూ ఉన్నాయి. హైదరాబాదుకు ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం గత మూడు దశాబ్దాల్లో విద్యాసంస్థల వలయంగా మారింది. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం, అనేక ఇంజనీరింగ్ కళాశాలలు ఈ పరిసరాల్లోనే ఉన్నాయి. రావల్కోల్ వంటి పల్లెల పొలిమేరల్లో డప్పు, ఒగ్గుకథ, బతుకమ్మ పాటల తెలంగాణ సంప్రదాయమూ, వివిధ రాష్ట్రాల విద్యార్థుల గిటారు సంస్కృతీ పక్కపక్కనే మసలుతాయి. ఇల్లు ఇచ్చే పాట, కళాశాల ఇచ్చే స్నేహం కలిసే నేల ఇటువంటిదే.

ఈ నేపథ్యంలో కార్నర్‌షాప్ అనుభవం ఒక ముఖ్యవిషయాన్ని స్పష్టం చేస్తుంది. సినిమాపాటనుంచి పూర్తిగా తప్పుకుంటేనే స్వతంత్ర సంగీతం సాధ్యమన్న వాదన సంపూర్ణం కాదు. కార్నర్‌షాప్ సినిమాపాటను అనుకరించలేదు, తిరస్కరించలేదు. దాని గురించి పాడింది. వినే వస్తువుగా ఉన్నదాన్ని ఆలోచించే వస్తువుగా మార్చింది. ఘంటసాల, సుశీల, జానకి, బాలసుబ్రహ్మణ్యం గొంతులతో పెరిగిన తెలుగు తరాలకు కూడా ఆ మార్గం తెరిచే ఉంది.

9. ముగింపు:

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి:

* కార్నర్‌షాప్ బృందం వుల్వర్‌హాంప్టన్, లెస్టర్ నగరాల వలసచరిత్రలోంచి పుట్టింది. మూసచిత్రాన్ని సూచించే మాటను సొంతపేరుగా స్వీకరించడం దాని తొలి సృజనాత్మక చర్య.

* సోదరుల ద్వారా ఇంటిభాష, మిత్రుల ద్వారా రాక్ సంగీతం బృందంలో కలిశాయి. సోదరుడు నిష్క్రమించిన తర్వాత కూడా ఇంటిభాష నిలిచింది. 1987లో మొదలైన తజిందర్, ఎయర్స్ స్నేహం 2020 నాటి ఆల్బమ్ వరకు బృందాన్ని నడిపించింది.

* 1995 నుంచి పంజాబీ భాష, ఆధారశ్రుతి వీరి పాటలకు నిర్మాణసూత్రాలయ్యాయి. ‘నార్వీజియన్ వుడ్’ పంజాబీ రూపం సాంస్కృతిక వినిమయాన్ని రెండువైపులకూ చేసింది.

* ‘బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశ’ నేపథ్యగానవ్యవస్థకు రాక్ సంగీతం అర్పించిన నివాళి. దాని విజయం బృందానికి ఖ్యాతిని తెచ్చినా, అంతకుముందూ ఆ తర్వాతా జరిగిన కృషిని మరుగునపరిచింది.

* తెలుగు స్వతంత్ర సంగీతబృందాల చరిత్రను రాసేటప్పుడు అవి సినిమాకు ఎంత దూరంగా ఉన్నాయన్నది ఒక్కటే కొలమానం కారాదు. సినిమాపాట జ్ఞాపకంతో అవి ఏం చేశాయన్నది కూడా పరిశీలించాలి.

వీధి మలుపులోని కొట్టు ఊరివారందరికీ కావలసిన సరుకు అమ్ముతుంది. కొట్టువారి ఇంటి మాట మాత్రం లోపలి గదిలోనే ఉండిపోతుంది. ఈ బృందం ఆ మాటను కూడా కొట్టు ముందుకు తెచ్చి పెట్టింది.